గోల్ఫ్ స్వింగ్ కోసం దేహాన్ని సిద్ధం చేసుకోవడం: తుంటి, వీపు, కాళ్ళ సాధన

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి గోల్ఫ్ ఆడేవారు వీలు చూసుకొని హైదరాబాద్ వెళ్ళి, గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న కోర్సులోనో (గోల్ఫ్ మైదానంలోనో) గచ్చిబౌలి వైపు ఉన్న కోర్సులోనో ఆడి తిరిగి వస్తుంటారు. మిగిలిన రోజుల్లో బంతి కొట్టే అవకాశం లేదు కనుక ఆట మెరుగుపడదని వారు నిరాశపడడం సహజమే గాని, అది సరైన అంచనా కాదు. స్వింగ్‌కు (బంతిని కొట్టడానికి క్లబ్ అనే గోల్ఫ్ కర్రను ఊపే కదలికకు) కావలసిన దేహాన్ని ఇంటి డాబా మీద గాని, హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి మైదానంలో గాని పూర్తిగా సిద్ధం చేసుకోవచ్చు. కోర్సుకు దూరంగా ఉండేవారికి ఈ సాధనే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే చాలా రోజులు కదలకుండా ఉన్న నడుముతో ఒక్కసారిగా డ్రైవర్ (బంతిని అతి దూరం కొట్టే పొడవైన క్లబ్) ఝళిపించేది వారే.

ముందుగా స్వింగ్‌లో ఏ భాగం ఎంత తిరుగుతుందో తెలుసుకోవాలి. బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తే దశ) చివరికి భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతాయి. ఈ రెండింటి మధ్య తేడాను వెన్నెముకే భరించాలి. ఛాతీ వెనుక ఉన్న 12 వెన్నుపూసలు తిరగడానికి అనువైనవి. నడుములోని 5 పూసలు అన్నీ కలిసినా ఒక్కో వైపుకు పది పదిహేను డిగ్రీలకు మించి తిరగలేవు, వాటి నిర్మాణం వంగడానికి, బరువు మోయడానికి ఉద్దేశించినది. తుంటి బిగుసుకొని, వీపు పైభాగం గూనిగా గట్టిపడినప్పుడు ఆ లోటును నడుము పూడ్చవలసి వస్తుంది. గోల్ఫ్ ఆడేవారిలో నడుము నొప్పి అంత సాధారణం కావడానికి ఇదొక ముఖ్య కారణం. ఎంత గొప్ప ఆటగాడైనా ఈ భారం నుంచి తప్పించుకోలేడు: అమెరికా గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ పలుమార్లు వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకొని, 2017లో పూసలను కలిపి బిగించిన తరువాతనే 2019లో గోల్ఫ్‌లోని ప్రధాన పోటీల్లో ఒకటైన మాస్టర్స్ టోర్నమెంటు మళ్ళీ గెలవగలిగాడు.

బలం విషయంలో కూడా చాలామందికి ఒక అపోహ ఉంది. బంతి దూరం పోవడానికి చేతుల బలం కారణమనుకొని డంబెల్స్‌తో చేతులు పెంచుతారు. నిజానికి డౌన్‌స్వింగ్ (క్లబ్‌ను బంతి మీదికి దించే దశ) దాదాపు పావు సెకనులో ముగిసిపోతుంది. ఆ కొద్ది వ్యవధిలో పాదాలు నేలను తొక్కిపట్టగా ముందు తుంటి, తరువాత ఛాతీ, ఆ తరువాత చేతులు, చిట్టచివర క్లబ్ వేగం అందుకుంటాయి. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల విసిరే మనిషిని చూసినవారికి ఈ వరుస తెలుస్తుంది, రాయికి వేగమిచ్చేది కాలి మీద నుంచి మొదలై తాడు కొస వరకు సాగే కదలిక. కాబట్టి సాధన క్రమం కూడా స్పష్టమే: మొదట తుంటికీ వీపుకూ కదలిక, తరువాత కాళ్ళకూ పిరుదులకూ బలం, చివరగా వేగం. ఈ క్రమాన్ని తారుమారు చేసి మొదటి వారమే వేగంగా ఊపడం మొదలుపెట్టవద్దు.

మీ దేహం ఎక్కడ బిగుసుకొని ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కుర్చీలో నిటారుగా కూర్చొని, మోకాళ్ళ మధ్య మడిచిన తువ్వాలు పట్టి ఉంచి, ఒక కర్రను ఛాతీకి అడ్డంగా పట్టుకొని కుడికీ ఎడమకూ తిరగండి. తువ్వాలు జారకుండా, మోకాళ్ళు కదలకుండా 45 డిగ్రీల వరకు తిరగగలిగితే వీపు బాగున్నట్లే. తరువాత ఎత్తైన బల్ల మీద కాళ్ళు వేలాడేలా కూర్చొని, తొడను కదపకుండా ఒక్కో పాదాన్ని బయటి వైపుకు తీసుకువెళ్ళండి. పాదం బయటికి పోయినకొద్దీ తొడ ఎముక తుంటి కీలులో లోపలికి తిరుగుతుంది. 35 డిగ్రీలకు బాగా తక్కువగా ఆగిపోతే, లేదా రెండు వైపులకూ పెద్ద తేడా ఉంటే, మీ సాధనలో మొదటి స్థానం తుంటిదే.

ఈ రెండో పరీక్షను కొంచెం వివరించాలి. మన ఇళ్ళలో బాసింపట్టు వేసుకొని కూర్చునే అలవాటు ఉంది కనుక తుంటి బాగా కదులుతుందని అనుకోవడం సహజం. బాసింపట్టులో తొడ బయటికి తిరుగుతుంది, స్వింగ్ ముగింపులో మాత్రం కుడిచేతి ఆటగాడి ఎడమ తుంటి మీద దేహమంతా తిరిగి నిలబడాలి, అంటే అక్కడ కావలసింది లోపలికి తిరగడం. నేల మీద హాయిగా కూర్చోగలిగినవారు కూడా ఈ రెండో దిశలో బిగుసుకొని ఉండవచ్చు. దీనికి మంచి వ్యాయామం ఒకటుంది. నేల మీద కూర్చొని ఒక కాలిని ముందు వైపు, మరో కాలిని పాదం వెనక్కి ఉండేలా పక్కకు, రెండు మోకాళ్ళూ లంబకోణంలో ఉండేలా మడవాలి. నడుము నిటారుగా ఉంచి, చేతులు వెనుక ఆనించి, మోకాళ్ళను మెల్లగా ఎత్తి రెండో వైపుకు దించాలి. ఇలా అటూ ఇటూ పదిసార్లు చేసిన తరువాత, వెనుక ఉన్న కాలి వైపు ఛాతీని తిప్పి ముప్పై సెకన్లు శ్వాస తీస్తూ ఆగాలి. మోకాలిలో నొప్పి వస్తే కింద దిండు పెట్టుకోండి, అప్పటికీ తగ్గకపోతే ఆపేయండి, మోకాలిని ఒత్తి తుంటిని సాగదీయలేము.

వీపు పైభాగానికి, పక్కకు పడుకొని మోకాళ్ళను ఛాతీ వైపు మడిచి, పై చేతిని పుస్తకం తెరిచినట్లు వెనక్కి తీసుకువెళ్ళడం సులువైన పద్ధతి. మోకాళ్ళు మడిచి ఉండడం వల్ల నడుము కదలదు, తిరుగుడు మొత్తం ఛాతీ వెనుక జరుగుతుంది. దీని తరువాత మార్జాలాసనం, భుజంగాసనం చాలు. కూర్చొని చేసే వక్రాసనంలో చేతితో మోకాలిని బలంగా నెట్టి తిరగడం మాత్రం మొదటి నెలలో నేను సిఫారసు చేయను, ఆ నెట్టుడు తరచుగా నడుము మీదికే పోతుంది. ఈ కదలిక సాధన రోజూ పది నిమిషాలు చేయాలి. వారానికి ఒకరోజు గంటసేపు చేసినదాని కన్నా దీని ఫలితం మెరుగ్గా ఉంటుంది.

బలం కోసం వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేస్తే సరిపోతుంది. మన తాతల నాటి దండీలు, బస్కీలు ఇక్కడ ఇప్పటికీ పనికివస్తాయి. బస్కీలలో మడమలు లేవకుండా, మోకాళ్ళు లోపలికి ఒరగకుండా చూసుకోవాలి. పదిహేను తేలికగా వస్తున్నప్పుడు ఇసుక నింపిన సంచిని ఛాతీకి హత్తుకొని చేయాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది తుంటి దగ్గర వంగి లేవడం. పాదాలు కొద్దిగా ఎడంగా పెట్టి, మోకాళ్ళు స్వల్పంగా వంచి, వీపు తిన్నగా ఉంచి పిరుదులను వెనక్కి నెడుతూ ముందుకు వంగాలి, తరువాత పిరుదులను బిగించి లేవాలి. బంతి ముందు నిలబడే భంగిమ కూడా సరిగ్గా ఇదే, కనుక ఈ ఒక్క వ్యాయామం బలాన్నీ భంగిమనూ కలిపి నేర్పుతుంది. వీపు వంగిపోతున్నదేమో చూడడానికి ఒక కర్రను వెనుక తలకూ, భుజాల మధ్యకూ, పిరుదుల మధ్యకూ తాకేలా పట్టుకొని చేయండి. ఆ మూడు చోట్ల కర్ర అంటుకొని ఉన్నంతవరకే వంగాలి. అలవాటైన తరువాత బరువు పట్టుకోవచ్చు.

వీటికి సేతుబంధాసనాన్ని ఒక కాలితో చేయడం, పక్కకు ఒరిగి చేసే ప్లాంక్ (ముంజేయి, పాదాల ఆధారంతో దేహాన్ని తిన్నగా ఎత్తి ఉంచడం), తలుపుకు కట్టిన రబ్బరు బ్యాండును మోచేతులు వెనక్కి వచ్చేలా లాగడం చేర్చండి. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పది సార్లు, మూడు విడతలు. ప్లాంక్ అయితే ఇరవై నుంచి ముప్పై సెకన్లు. ఇంకా రెండుసార్లు చేయగలననిపించినప్పుడే ప్రతి విడతనూ ఆపండి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు, రక్తపోటు ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ముంజేతులకు తడి తువ్వాలు పిండే కదలిక రోజూ కొద్దిసేపు చేస్తే చాలు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా గడిచి, నడుములో ఏ నొప్పీ లేనప్పుడు వేగ సాధన మొదలుపెట్టవచ్చు. రెండు మూడు కిలోల మెడిసిన్ బాల్‌ను (వ్యాయామానికి వాడే బరువైన బంతిని) గోడకు పక్కగా నిలబడి, తుంటితో మొదలుపెట్టి, బలంగా విసరాలి. ఒక్కో వైపు ఐదు విసుర్లు, మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య ఆయాసం పూర్తిగా తీరేంత విశ్రాంతి ఉండాలి. అలసిన దేహంతో చేస్తే అది నిదానంగా విసరడమే నేర్చుకుంటుంది కనుక, దీనిని ఆ రోజు చేసే బల సాధనకు ముందు చేయాలి. ఎడమ వైపు కూడా సమానంగా విసరడం తప్పనిసరి. ఎప్పుడూ ఒకే దిశలో తిరిగే ఆటకు ఇది అవసరమైన విరుగుడు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఈ సాధనను ఉదయం ఏడు లోపు ముగించండి. నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకినా, పాదంలో తిమ్మిరి కనిపించినా వ్యాయామాలన్నీ ఆపి ఎముకల వైద్యునికి చూపించుకోవాలి.

ఆట రోజు ప్రయాణాన్ని కూడా సాధనలో భాగంగానే చూడాలి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు; అంతసేపు కారులో కూర్చుంటే తుంటి ముందు భాగం, వీపు బిగుసుకుపోతాయి. జనగామలో ఒకసారి, భువనగిరిలో ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. కోర్సుకు ఆటకు అరగంట ముందే చేరుకొని, ఒక కాలు ముందుకు వేసి వంగుతూ ఛాతీని ముందుకాలి వైపు తిప్పడం, క్లబ్‌ను భుజాల మీద పెట్టుకొని అటూ ఇటూ తిరగడం, నిలబడి కాళ్ళను ఊపడం చేయాలి. అప్పుడు ఒకే సాగతీతలో నిమిషానికి మించి ఉండకండి, దానివల్ల కండరాల చురుకు తాత్కాలికంగా తగ్గుతుంది. చిన్న ఐరన్‌తో (లోహపు తల ఉన్న పొట్టి క్లబ్‌తో) సగం వేగంలో మొదలుపెట్టి, క్రమంగా పెద్ద క్లబ్‌లకు వెళ్ళి, డ్రైవర్‌ను అన్నిటికన్నా చివర తీయండి.