గర్భంతో ఉన్నప్పుడు కటి (తుంటి ఎముకల) నొప్పి: నాకు పనిచేసినవి

ఈ నొప్పి పొత్తికడుపు కింది ఎముక దగ్గరో, వెనక నడుము కింద ఒక పక్కనో పట్టేస్తుంది. ఒంటికాలి మీద బరువు పడినా, కాళ్లు ఎడంగా జరిపినా పెరుగుతుంది. దీనివల్ల బిడ్డకు హాని లేదు.

అన్నిటికంటే మేలు చేసింది పడక మీద పక్కకు తిరిగే తీరు: మోకాళ్లు మడిచి, రెండూ దగ్గరగా నొక్కిపట్టి, భుజాలూ తుంటీ ఒకేసారి తిప్పాలి. మోకాళ్ల మధ్య చిన్న దిండు చాలదు. పాదం కిందికి జారి తుంటి మెలిపడుతుంది, అందుకే మడమల దాకా వచ్చే పొడవాటి దిండు పెట్టాలి. ప్యాంటు కూర్చునే తొడుక్కోవాలి. మెట్లు ఒక్కొక్కటిగా: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. తుంటికి ఆసరా ఇచ్చే బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి చుట్టూ పెట్టుకోవాలి. ఫిజియోథెరపిస్టును ఆలస్యం చేయకుండా కలవండి.

రక్తస్రావం, జ్వరం, మూత్రంలో మంట, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.