వంద మీటర్లలో నాలుగు సెకన్లు: మాస్టర్స్ ఈతగాళ్లకు చౌకైన దారులు

మాస్టర్స్ పోటీలకు పేరిచ్చిన చాలామంది ముందుగా చూసేది రేసింగ్ సూట్ ధర. చివర కొనాల్సిన వస్తువు అది. 1:20కి వంద మీటర్ల ఫ్రీస్టైల్ ఈదే మనిషి 1:16కి రావడానికి కావలసిన నాలుగు సెకన్లలో ఎక్కువ భాగం గోడ దగ్గరా, పూల్‌కి తెచ్చుకునే గడియారంలోనూ దొరుకుతుంది. ఈ వ్యాసం అలాంటివాళ్ల కోసమే: వయసు 25 దాటింది (మాస్టర్స్ గ్రూపులు అక్కడే మొదలై ఐదేసి ఏళ్ల చొప్పున సాగుతాయి), ఉద్యోగం ఉంది, వారానికి మూడు రోజులు గంటసేపు 25 మీటర్ల పూల్‌లో బ్యాచ్ దొరుకుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. నీటి నిరోధం దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో. 1:20 నుంచి 1:16కి రావడమంటే వేగం 5 శాతం పెంచడం. అది కండబలంతోనే సాధించాలంటే శక్తి ఆరో వంతు ఎక్కువ కావాలి. నలభై ఏళ్ల వయసులో ఆరో వంతు బలం పెరగడానికి ఎంతకాలం పడుతుందో ఊహించుకోండి. అందుకే బలం కన్నా ముందు నిరోధం తగ్గించాలి. దానికి డబ్బు అక్కర్లేదు.

కొలవడం

ఫోన్ ఉంటే చాలు. పూల్ ఇన్‌చార్జి అనుమతి తీసుకుని, బ్యాచ్ ఖాళీగా ఉన్నప్పుడు గట్టు మీద నుంచి తీయించుకోండి. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న సమయంలో కెమెరా తీస్తే గొడవలు తప్పవు. ఫోన్‌ని గోడకు 5 మీటర్ల దూరంలో, లేన్‌కి లంబంగా పెట్టాలి. బ్యాక్‌స్ట్రోక్ జెండాలు కట్టి ఉంటే అవి వేలాడేది సరిగ్గా 5 మీటర్ల దగ్గరే. లేకపోతే టేపుతో కొలిచి గట్టు మీద గుడ్డముక్క కట్టండి. సెకనుకు 60 ఫ్రేములు తీసే మోడ్‌లో ఒక్కో ఫ్రేము 0.017 సెకను, మన అవసరానికి ఆ ఖచ్చితత్వం సరిపోతుంది.

రెండు సమయాలు తీయండి. ఒకటి, తల 5 మీటర్ల గుర్తు దాటి గోడకు వెళ్లి, టర్న్ అయి, మళ్లీ అదే గుర్తు దాటేదాకా. అంటే 10 మీటర్లు. రెండోది, పూల్ మధ్యలో అదే జోరుతో ఈదిన 10 మీటర్లు. గోడను తన్ని వచ్చే వేగం ఈతలో మీరు ఎప్పటికీ అందుకోలేనిది కాబట్టి మొదటి సమయం రెండోదానికన్నా తక్కువ ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే వందలో మూడు టర్న్‌లు, ప్రతి దాంట్లో అంత నష్టం. టర్న్‌కి అర సెకను మిగిల్చినా ఒకటిన్నర సెకను చేతికొచ్చినట్టే.

గోడ

స్ట్రీమ్‌లైన్‌తో, అంటే చేతులు తల మీదుగా చాచి ఒళ్లు బాణంలా పట్టే భంగిమతో మొదలుపెట్టాలి. ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి, పై చేతి బొటనవేలు కింది చేతిని పట్టుకుని ఉండాలి, మోచేతుల పైభాగాలు చెవుల వెనక నొక్కుకోవాలి. పక్కటెముకలు ముందుకు పొడుచుకు రాకూడదు. గోడను తన్ని, కాళ్లు కదపకుండా జారి ఎక్కడ ఆగుతారో చూడండి. జెండాలు దాటి 7, 8 మీటర్ల దాకా వెళ్లాలి. అంతకన్నా ముందే ఆగితే ఎక్కువగా కారణాలు రెండే: చేతుల మధ్య తల పైకి లేచి ఉండటం, లేదా భుజాలు పట్టేసి చేతులు పూర్తిగా వెనక్కి రాకపోవడం. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు రెండోది మామూలే. గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో ఉంచి, చేతులు పైకెత్తి స్ట్రీమ్‌లైన్ పట్టండి. నడుము గోడను వదిలి విల్లులా వంగితే అదే మీ జబ్బు. చుట్టిన తువ్వాలు మీద పైవీపు ఆనించి రోజూ రెండు నిమిషాలు వెల్లకిలా పడుకుంటే నెలలో తేడా తెలుస్తుంది.

గోడను తన్నేటప్పుడు అర మీటరు లోతున వెళ్లాలి. నీటి పైపొరలో జారితే అలలు లేపడానికే వేగం ఖర్చవుతుంది. మరీ లోతుకు పోతే పైకి రావడానికి దారి పెరుగుతుంది. కిక్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలామంది తప్పుచేసే చోటు. తన్నగానే కాళ్లాడిస్తే గోడ ఇచ్చిన వేగాన్ని మనమే చెడగొట్టుకుంటాం, ఆగిపోయేదాకా జారితే మళ్లీ మొదటి నుంచి తోసుకోవాలి. జారే వేగం ఈత వేగానికి పడబోతుండగా, సుమారు ఒక సెకనుకు, కిక్ మొదలవ్వాలి. డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి చేపతోకలా కొట్టడం) బాగా వచ్చినవాళ్లకు మూడు నాలుగు చాలు. రానివాళ్లు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడించే మామూలు ఫ్లట్టర్ కిక్‌తో పైకి రావడమే మేలు, టీవీలో ఒలింపిక్ ఈతగాళ్లు చేస్తున్నారని అనుకరించక్కర్లేదు. పైకొచ్చాక మొదటి రెండు స్ట్రోక్‌లలో ఊపిరి తీయకండి. తల పక్కకు తిరిగిన క్షణంలో గోడ ఇచ్చినదంతా పోతుంది.

ఫ్లిప్ టర్న్‌లో (గోడ దగ్గర పల్టీ కొట్టి తిరగడంలో) దూరం అంచనా కోసం తల ఎత్తి గోడను చూడటం పెద్ద తప్పు. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. నిబంధనల ప్రకారం గీసిన పూల్‌లో లేన్ అడుగున నల్లగీత గోడకు 2 మీటర్ల ముందు టి ఆకారంలో ఆగుతుంది, చూడాల్సింది దాన్నే. టి కనిపించాక మీకు ఒకటా రెండా, ఎన్ని స్ట్రోక్‌లు పడతాయో నెమ్మదిగా లెక్కపెట్టి, వేగంలో సరిచూసుకోండి. పాదాలు గోడకు తగిలేసరికి మోకాళ్లు సుమారు లంబకోణంలో ఉండాలి. కాళ్లు దాదాపు చాపుకుని ఉంటే గోడకు దూరంగా తిరిగారన్నమాట, తన్నడానికి ఏమీ మిగలదు. ఒళ్లు తిప్పుకునేదాకా గోడ మీద ఆగొద్దు, వెల్లకిలాగానే తన్ని జారుతూ తిరగాలి.

బ్యాచ్‌లో రద్దీ ఉంటే పది నిమిషాలు ముందు వెళ్లి, గోడకు 10 మీటర్ల నుంచి లోపలికి, మళ్లీ 10 మీటర్లు బయటికి, ఎనిమిది సార్లు చేయండి. అలిసిపోయాక చేసిన టర్న్‌లు అలవాటును పాడుచేస్తాయి.

స్టార్ట్ గురించి ముందు ప్రమాదం మాట. స్టార్టింగ్ బ్లాకులున్న పూల్‌కి గోడ నుంచి 1 మీటరు దగ్గర మొదలై కనీసం 6 మీటర్ల దాకా 1.35 మీటర్ల లోతు ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. మన ఊళ్ల పూల్స్ చాలావాటిలో ఒక చివర మూడు నాలుగు అడుగులే ఉంటుంది. అక్కడ తల ముందుగా దూకడం మెడ విరగ్గొట్టుకోవడమే. లోతు లేని చోట డైవ్ సాధన మానేసి, నేల మీద నిలబడి ముందుకు దూకడం (లాంగ్ జంప్ లాగా) ఐదేసి సార్లు, మూడు విడతలు చేయండి. మాస్టర్స్‌లో నీళ్లలో నుంచే గోడ పట్టుకుని మొదలుపెట్టడానికి కూడా అనుమతి ఉంది, పొట్ట చరుచుకునే డైవ్ కన్నా అది నయం. డైవ్‌లో గాగుల్స్ జారేవాళ్లు గడ్డం ఛాతీకి దగ్గరగా ఉంచుకోవాలి, గాగుల్స్ పట్టీ మీదుగా రెండో క్యాప్ వేసుకోవాలి.

గడియారం

సెకన్ల ముల్లు ఎర్రగా, స్పష్టంగా కనిపించే మామూలు గోడ గడియారం ఒకటి కొని గట్టు మీద ఆనించండి. బజారులో దొరికే చవక రకమే చాలు. స్టాప్‌వాచ్ నొక్కడానికి ఆగితే సెట్ చెడుతుంది, గడియారమైతే తల ఎత్తగానే కనిపిస్తుంది.

లక్ష్యం 1:16 అయితే 25 మీటర్లకు 19 సెకన్లు. ముల్లు 0 మీద బయల్దేరి 19లోపు వచ్చి, సుమారు 20 సెకన్లు ఆగి 40 మీద, తర్వాత 20 మీద, అలా 16 నుంచి 20 సార్లు. ఒకటి తప్పితే దాని తర్వాతది వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. వరసగా రెండు తప్పితే ఆ రోజుకు సెట్ అయిపోయినట్టే, ఇక ఈదినదంతా నెమ్మదిగా ఈదే సాధనే అవుతుంది. ఈ సెట్ వారానికి రెండు సార్లు, మధ్య కనీసం 48 గంటల విరామం. ఇరవై ఏళ్ల కుర్రాడికి మర్నాడే తేరుకునే ఒళ్లు ఉంటుంది, మనకు ఉండదు.

మూడో రోజు ఓర్పు కోసం. ఒక రోజు 400 మీటర్లు, ఇంకో రోజు 200 మీటర్లు పూర్తి జోరుతో ఈది రాసుకోండి. 400 కి 6:18, 200 కి 2:58 పట్టిందనుకుంటే తేడా 3:20, అంటే 200 మీటర్లకు 200 సెకన్లు. కాబట్టి మీ దమ్ము గీత, అంటే ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం, వందకు 1:40. ఆ వేగంతో వంద మీటర్లు ఎనిమిది సార్లు, మధ్య 15 సెకన్ల విరామంతో. ఆరు వారాలకోసారి పరీక్ష మళ్లీ పెట్టుకోండి.

అప్పుడప్పుడు ఒక లెంగ్త్‌లో (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు) వేసిన చేతులు, పట్టిన సెకన్లు కలిపి చూడండి. 20 చేతులు, 19 సెకన్లు అయితే 39. ఈ మొత్తం తగ్గాలి. చేతులు మాత్రమే తగ్గిస్తూ పోయేవాళ్లు ప్రతి స్ట్రోక్ మధ్యా జారుతూ మందగిస్తారు.

కొనాల్సినవి, కొనకూడనివి

అరచేతులకు తొడిగే పెద్ద ప్యాడిల్స్ (పలకలు) అక్కర్లేదు, అవి ముందు అరిగించేది భుజాన్ని. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబ్ అడగండి. అర మీటరు ముక్క కోసి, కడిగి, రెండు చీలమండలూ కలిపి ముడి వేస్తే కాళ్లు ఆడవు, నడుము బిగించకపోతే కాళ్లు మునిగిపోతాయి. చేతులు ఆగకుండా నీళ్లను పట్టుకోవడం దానంతటదే వస్తుంది. నాలుగు లెంగ్త్‌లు చాలు, నిలబడగలిగే లోతులోనే.

మూడు మీటర్ల సర్జికల్ ట్యూబ్ (సాగే రబ్బరు గొట్టం), నడుముకు ఒక బెల్టు ఉంటే ఉన్నచోటే ఈదొచ్చు: 20 సెకన్లు గట్టిగా, 40 సెకన్లు విశ్రాంతి, ఎనిమిది సార్లు. ట్యూబ్ ఒక కొస బెల్టుకు, రెండో కొస పూల్ నిచ్చెనకు; నిచ్చెన కదలకుండా ఉందో లేదో చూసి కట్టండి. క్లోరిన్‌కీ ఎండకీ రబ్బరు పగుళ్లు పడుతుంది. మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఒక్క పగులు కనిపించినా పారేయండి. తెగితే నేరుగా మొహానికే వచ్చి కొడుతుంది.

బలం కోసం జిమ్ ఫీజు కట్టనక్కర్లేదు. పార్కుల్లో ఓపెన్ జిమ్ బార్ ఉంటే వారానికి రెండు సార్లు పుల్-అప్స్ మూడు విడతలు. ఒక్కటీ రానివాళ్లు పైకి ఎగిరి పట్టుకుని ఐదు సెకన్లలో నెమ్మదిగా దిగాలి. రబ్బరు బ్యాండుతో మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ముంజెయ్యి బయటికి తిప్పడం, చేతికి 15 చొప్పున రెండు విడతలు. ఇది వేగం కోసం కాదు, భుజం నిలబడటం కోసం.

పోటీ దగ్గరపడ్డాక

చివరి పది పన్నెండు రోజులు దూరం సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గించొద్దు. పోటీ నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మన ఆరుబయటి పూల్స్ అంతకన్నా వేడెక్కుతాయి కాబట్టి గట్టి సెట్లు తెల్లవారుజాము బ్యాచ్‌లోనే పెట్టుకోండి. కెఫీన్ పనిచేస్తుంది: కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, గంట ముందు. 70 కిలోల మనిషికి సుమారు 200 మిల్లీగ్రాములు. ఫిల్టర్ కాఫీతో లెక్క కుదరదు, డికాషన్ చిక్కదనం ఇంటింటికీ మారుతుంది. సాధన రోజున ఒకసారి ప్రయత్నించి చూడకుండా పోటీ రోజున తాగొద్దు, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు అసలు వద్దు.

పోటీ 50 మీటర్ల పూల్‌లో ఉంటే లెక్క మారుతుంది. వందకు మూడు బదులు ఒకే టర్న్, కాబట్టి 25 మీటర్ల సమయాలు ఆశపెట్టి మోసం చేస్తాయి. గచ్చిబౌలి లాంటి 50 మీటర్ల పూల్‌కి నెలకోసారైనా వెళ్లండి. వీలుకాకపోతే మీ పూల్‌లోనే టి గుర్తు దగ్గర గోడను తాకకుండా నీళ్లలోనే తిరిగి ఈత కొనసాగించండి. గోడ సాయం లేని ఆ లెంగ్త్‌లు ఎంత బరువో రెండో టర్న్‌కే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా డబ్బు మిగిలితే అప్పుడు సూట్. ముందు ఒంటికి బిగుతుగా పట్టే మామూలు జామర్ (మోకాళ్ల దాకా ఉండే ఈత నిక్కరు), రేజరుతో కాళ్లూ చేతులూ నున్నగా గీసుకోవడం (పోటీకి ముందు రాత్రి, వారం ముందు కాదు). 2010 నుంచి వస్త్రంతో చేసిన సూట్లే చెల్లుతాయి, మగవాళ్లకు బొడ్డు నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజాల నుంచి మోకాలి దాకా. ఖరీదైనది కొంటే ముందే ఒకసారి వేసి చూడండి, వేసుకోవడానికే పావుగంట పడుతుంది. గోళ్లు తగిలితే చిరుగుతుంది, కాబట్టి పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఎక్కించండి.