తాత వీలునామా ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఇంట్లో ట్రంకుపెట్టె తిరగేయండి, పాత దస్తావేజు మీద ఊరు, తాలూకా ఏం రాశారో చూడండి, అసలు చిక్కంతా అక్కడే, ఊళ్లు జిల్లాలు మారుతూ వచ్చాయి కాబట్టి ఏ జిల్లా కాగితాల్లో వెతకాలో దాన్నిబట్టే తేలుతుంది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు కింద ఉండేవి, ఒంగోలేమో 1904 నుంచి గుంటూరులో, దానికి ముందు అదీ నెల్లూరే. మార్కాపురం వాళ్లయితే కర్నూలు లెక్కలు చూడాలి.

రిజిస్టరైన వీలునామా నకలు, రాసినాయన పోయాక, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు. మరణ ధృవీకరణ పత్రం పట్టుకెళ్లండి. రిజిస్టర్ చేయించకపోతే మాత్రం అక్కడేమీ ఉండదు.

వీలునామా సంగతి అలా ఉంచి, మీ పెద్దల్లో ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే, ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ వాళ్ల తరఫున చనిపోయిన సైనికుల పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి, మన ఇంటిపేర్లను దొరలు ఎలా విన్నారో అలా రాసుకున్నారు మరి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కాగితాలకైతే చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కి, అంటే పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోటికి, రైలెక్కాలి.