దూరం పరుగు – 3వ పాఠం: పాదానికి తగ్గ షూ, వారానికో లాంగ్ రన్

పోయిన పాఠంలో ఇచ్చిన పని: 4 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, ఇలా 40 నిమిషాలు, వారానికి మూడు రోజులు. రొప్పకుండా అది పూర్తిచేస్తున్నవాళ్లు ఈ పాఠం మొదలుపెట్టొచ్చు. ఇంకా ఊపిరి అందడం లేదనిపిస్తే మరో వారం అక్కడే ఉండండి. తొందరపడి ముందుకొచ్చినవాళ్లకే పిక్కలు పట్టేస్తాయి.

ఈసారి షూ కొందాం, లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం నెమ్మదిగా పరుగెత్తే పరుగు, మొదలుపెడదాం. రెండూ ఒకే పాఠంలో పెట్టడానికి కారణం ఉంది. 3 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు ఏ షూ అయినా బాగానే ఉన్నట్టుంటుంది. వేలికి ఒరుసుకునే కుట్టు, మడమ దగ్గర కొద్దిపాటి వదులు లాంటివి 10 కిలోమీటర్లు దాటాకే బొబ్బలుగా, నల్లబడ్డ గోళ్లుగా బయటపడతాయి. 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో మామూలు రన్నర్ వేసే అడుగులు 40 వేలకు అటూ ఇటూ ఉంటాయి. ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం ఆ పాదం మోయాలి. కాబట్టి షూని లాంగ్ రన్ కోసమే ఎంచుకోవాలి. అందులో సుఖంగా ఉంటే చిన్న పరుగుల్లో ఇబ్బంది ఉండదు.

ముందు షూ సంగతి

ఇంట్లో ఉన్న పాత షూ ఒకటి చేతిలోకి తీసుకోండి. పాదాన్ని పైనుంచి కప్పే బట్ట అప్పర్. మడమని వెనకనుంచి పట్టి ఉంచే గట్టి భాగం హీల్ కౌంటర్. నేలకి తగిలే రబ్బరు ఔట్‌సోల్. ఈ రబ్బరుకీ అప్పర్‌కీ మధ్యనున్న మందపాటి ఫోమ్ మిడ్‌సోల్. కంపెనీలు పోటీపడేది ఎక్కువగా ఈ ఫోమ్ దగ్గరే. ఈవీఏ అనే ఫోమ్ చాలాకాలంగా వాడుకలో ఉంది. పెబా అనే ఫోమ్ తేలిక, తొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగం తిరిగిస్తుంది, ధర కూడా ఎక్కువే. రోజువారీ శిక్షణకి ఈవీఏ చాలు.

షాపులో వినబడే ఇంకో మాట డ్రాప్. మడమ కింద సోల్ మందం ఎంత, ముందు పాదం కింద ఎంత, ఆ రెండిటి తేడాయే డ్రాప్. సాధారణంగా 0 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. డ్రాప్ తగ్గేకొద్దీ పిక్కల మీద, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు మీద పని పెరుగుతుంది. ఎక్కువ డ్రాప్ ఉంటే ఆ భారంలో కొంత మోకాలి వైపు వెళ్తుంది. ఇందులో మంచీ చెడూ ఏమీ లేదు. ఏళ్లుగా 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కి అలవాటుపడ్డ కాలిని ఒక్కసారిగా 0లో పెట్టి లాంగ్ రన్‌కి వెళ్లడం మాత్రం చెడ్డ పని.

ఇక ప్రొనేషన్. పాదం నేలకి తాకాక కొంచెం లోపలికి వాలుతుంది. అది రోగం కాదు, దెబ్బని తట్టుకోవడానికి పాదం చేసే పనే. అయినా తడికాలి ముద్ర చూసి, ‘మీ అరికాలు చదునుగా ఉంది, మీకు ఫలానా షూనే కావాలి’ అని తేల్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి అరికాలి వంపుని బట్టి షూలిచ్చి పరిశీలించారు. గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వేసుకుని నాలుగడుగులు పరుగెత్తినప్పుడు ఏ జత ఉన్నట్టే తెలియదో దాన్ని తీసుకోవడం ఇంతకంటే నమ్మదగ్గ పద్ధతి. పాదానికి ఇప్పటికే నొప్పులున్నవాళ్లు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని కలవాలి.

కొనే రోజు సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, లాంగ్ రన్‌లోనూ అంతే. పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులే తొడుక్కెళ్లండి. అవి నూలువి కాకపోతే మేలు, చెమటకి తడిసిన నూలు చర్మాన్ని ఒరిపిడి పెట్టి బొబ్బలు లేపుతుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండడం అరుదు, పెద్దదాన్ని బట్టి సైజు తీసుకోవాలి. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు కాబట్టి నంబరు మీద పట్టుదల వద్దు.

షూ తొడిగేముందు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. చిటికెనవేలు అంచు దాటి బయటికి వస్తోందంటే ఆ షూ వెడల్పు మీకు చాలదు. వాడితే సాగుతుందిలే అని ఎవరు చెప్పినా నమ్మకండి. వెడల్పు సరిపోతే ఇన్‌సోల్ లోపల పెట్టి, షూ తొడిగి, లేసులు కట్టి, లేచి నిలబడండి. కూర్చుని చూస్తే లాభం లేదు. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలికన్నా పక్కవేలే పొడుగు, వాళ్లు దాని దగ్గరే కొలుచుకోవాలి. వేళ్లు లోపల ఆడాలి. ఆ ఖాళీ లేకపోతే దిగుడు దారిలో గోళ్లు షూ ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి.

ముందు ఖాళీ బాగానే ఉండి మడమ మాత్రం లేస్తోందనుకోండి, వెంటనే చిన్న సైజుకి వెళ్లకండి. చాలా షూలకి చీలమండ దగ్గర చివర ఒక రంధ్రం ఖాళీగా వదిలేసి ఉంటుంది, ఎవరూ వాడరు. లేసు కొసని బయటినుంచి ఆ రంధ్రంలోకి దూర్చండి, పూర్తిగా లాగకుండా బయట చిన్న లూప్ మిగల్చండి. రెండోవైపూ అలాగే. ఇప్పుడు ఎడమ కొసని కుడి లూప్‌లోంచి, కుడి కొసని ఎడమ లూప్‌లోంచి దూర్చి, రెండిటినీ కిందికీ పక్కలకీ లాగి ముడి వేయండి. మడమ కుదురుకుంటుంది, వేళ్ల దగ్గర బిగుతు పెరగదు. ఇలా కట్టినా లేస్తోందంటే ఆ మోడల్ మీ పాదానిది కాదు.

కార్బన్ ప్లేటు షూల గురించి, అంటే ఫోమ్ మధ్యలో గట్టి కార్బన్ రేకు పెట్టినవాటి గురించి, అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. పోటీల్లో పెద్ద రన్నర్లు వేసుకునేవి అవే. వాటి మీద ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమాలు కూడా పెట్టింది: రోడ్డు పోటీల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు మించకూడదు, లోపల ఒకటికి మించి ప్లేటు ఉండకూడదు. మీకు ఇప్పుడు అవి అక్కర్లేదు. మెత్తటి ఎత్తైన ఫోమ్ మీద నెమ్మదిగా పరుగెత్తితే చీలమండ అటూ ఇటూ ఊగుతుంది, పైగా చాలావాటికి మన్నిక తక్కువ.

ఇంకోవైపు, షూ అసలెందుకు, అబెబె బికిలా వట్టికాళ్లతో గెలవలేదా అనేవాళ్లున్నారు. గెలిచాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఈ ఇథియోపియా రన్నర్ చెప్పుల్లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేశాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకుని 2:12:12లో మళ్లీ గెలిచాడు. రోమ్ కథ చెప్పేవాళ్లు టోక్యో దగ్గరికి రారు.

ఒక జత మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. రబ్బరు అరగకముందే లోపలి ఫోమ్ చచ్చిపోవచ్చు. కొన్న తేదీని షూ నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) వెనక పెన్నుతో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు లాంగ్ రన్

పైన రోమ్ ఒలింపిక్స్ మాట వచ్చింది కదా, లాంగ్ రన్ విలువ లోకానికి తెలిసొచ్చింది కూడా అక్కడే. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. బికిలా గెలిచిన మారథాన్‌లో మూడోస్థానం బ్యారీ మాగీది, అతనూ లిడియార్డ్ శిష్యుడే. రెండు నిమిషాల్లోపే అయిపోయే 800 మీటర్ల పరుగు కోసం స్నెల్ చేత ఆయన ఆదివారాలు దాదాపు 35 కిలోమీటర్లు కొండదారుల్లో పరుగెత్తించేవాడు. అప్పట్లో చాలామందికి అది పిచ్చిపనిలా కనిపించింది.

నెమ్మదిగా, ఎక్కువసేపు పరుగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. అయితే ఇవన్నీ ఒకే వేగంతో జరగవు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. స్నాయువులకీ ఎముకలకీ నెలలు పడుతుంది. కొత్త రన్నర్లకి దెబ్బలు తగిలేది ఈ తేడా వల్లే, నా లెక్కన ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. రెండో నెలలో ఆయాసం పోతుంది, హుషారు వస్తుంది, ఒకేసారి 5 కిలోమీటర్లు పెంచేస్తారు. ఊపిరి సరేనంటుంది, మోకాలి కింద ముందువైపుండే ముంగాలి ఎముక ఒప్పుకోదు.

వేగం ఎంత? పక్కనున్నవాళ్లతో రెండు మూడు పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలగాలి. 5 కిలోమీటర్లు అరగంటలో పూర్తిచేసేవాళ్లు, అంటే కిలోమీటరుకి 6 నిమిషాలు పట్టేవాళ్లు, లాంగ్ రన్‌లో కిలోమీటరుకి 7 నుంచి 7:30 నిమిషాలు తీసుకోవచ్చు. ఎండ, ఉక్కపోత ఉంటే ఇంకా నెమ్మది. చేతికున్న వాచీ చూసి సిగ్గుపడక్కర్లేదు. మధ్యలో నడిచినా లాంగ్ రన్ లాంగ్ రన్నే.

దూరం ఎంత? లాంగ్ రన్ వారం మొత్తంలో 25–30 శాతం దాటకూడదని చాలాచోట్ల రాస్తారు. వారానికి ఐదు రోజులు పరుగెత్తేవాళ్లకి అది కుదురుతుంది. మీరు మూడు రోజులే పరుగెత్తుతున్నారు, మూడూ సమానంగా పంచినా ఒక్కోటి 33 శాతం అవుతుంది. కాబట్టి ప్రస్తుతానికి సగం దాటకుండా చూసుకోండి. వారానికి 10 శాతమే పెంచాలన్న నియమం కూడా రాతిమీద గీత కాదు. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద దాన్ని పరీక్షించినప్పుడు, అది పాటించినవాళ్లకీ వేగంగా పెంచినవాళ్లకీ గాయాల్లో తేడా కనిపించలేదు. అలాగని ఇష్టమొచ్చినట్టు పెంచమని కాదు. లాంగ్ రన్‌ని వారానికి ఒక కిలోమీటరు చొప్పున మూడు వారాలు పెంచి, నాలుగో వారం వెనక్కి తగ్గడం నేను చెప్పే పద్ధతి. ఎముక కోలుకునేది ఆ తగ్గిన వారంలోనే.

ఈ నాలుగు వారాల పని

మంగళవారం 5, గురువారం 6 కిలోమీటర్లు, రెండూ తేలిగ్గా. ఆదివారం లాంగ్ రన్: మొదటి వారం 7, రెండో వారం 8, మూడో వారం 9, నాలుగో వారం మళ్లీ 7. మొదటి వారం కొత్త షూతో గురువారం పరుగు మాత్రమే చేయండి, లాంగ్ రన్‌కి పాతవే వేసుకోండి. కొత్తవి రెండో వారం నుంచి ఆదివారానికి పనికొస్తాయి.

పరుగు మర్నాడు రెండు కాళ్లూ బరువుగా, ఒళ్లు నొప్పులుగా ఉంటే అది మామూలే, రెండు రోజుల్లో పోతుంది. ఒకే కాలిలో, వేలితో చూపించగలిగే ఒకే చోట నొప్పి ఉండి, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే వెంటనే ఆపేయండి. ముంగాలి ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నవాళ్లు పరుగు మానేసి డాక్టర్‌కి చూపించుకోవాలి. అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు, దాని మీద పరుగెత్తితే పగులు పెద్దదవుతుంది.

ఆదివారం పరుగయ్యాక సాక్సు విప్పి పాదం చూసుకోండి. ఎర్రబడ్డ చోటు ప్రతి వారం అదే అయితే ముందు లేసు కట్టు మార్చండి, తర్వాత సాక్సు మార్చండి, షూని తప్పుపట్టడం ఆ తర్వాతే. ఎక్కడ ఎర్రబడిందో, ఎంత దూరానికో నోట్‌బుక్‌లో రాసుకోండి.

నాలుగో పాఠం గంటన్నర దాటిన పరుగులది: దారిలో ఏం తినాలి, నీళ్లు ఎంత తాగాలి, మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఎలాంటి ప్రమాదం వస్తుంది. అప్పటిదాకా, ఈ పాఠంలోని పరుగులకి దాహమైనప్పుడు తాగే నీళ్లు సరిపోతాయి.