స్టేక్‌హౌస్‌లో తక్కువ ఖర్చుతో మంచి రెడ్ వైన్

అమెరికా స్టేక్‌హౌస్‌ల (గొడ్డుమాంసపు స్టేక్‌లు వడ్డించే రెస్టారెంట్ల) వైన్ జాబితాలో కాలిఫోర్నియాలోని నాపా లోయ కాబెర్నే సావిన్యోన్ (ఒక రకం ద్రాక్షతో చేసే రెడ్ వైన్) సీసాలే ముందుగా కంటబడతాయి. పేరుమోసిన ప్రాంతం కనుక ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఖర్చు చూసుకునేవారు ఆ పేజీ దాటి, అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతపు మాల్బెక్ రెడ్ వైన్‌ను గాని, ఫ్రాన్స్‌కు చెందిన కోత్ దు రోన్ రెడ్ వైన్‌ను గాని వెతకడం మేలు. రిబ్‌ఐ వంటి కొవ్వు పట్టిన మాంసం ముక్కతో తాగినప్పుడు మాల్బెక్‌లోని వగరు నాలుకకు మెత్తగా తోస్తుంది. కొవ్వు తక్కువగా ఉండే ఫిలే మిన్యోన్ ముక్కకు మాత్రం మృదువైన మెర్లో వైన్ చాలు. 750 మిల్లీలీటర్ల సీసాలో సుమారు ఐదు గ్లాసులు వస్తాయి కాబట్టి, ఇద్దరు చెరి రెండు గ్లాసులు తాగేటట్లయితే ఆ నాలుగు గ్లాసుల ధరను సీసా ధరతో తప్పక పోల్చి చూడండి. అతిథుల ఎదుట డబ్బు మాట ఎత్తడం ఇబ్బందిగా ఉంటే, జాబితాలో మీకు అందుబాటులో ఉన్న ధరపై వేలుంచి, "ఈ తరహాలో ఏది బాగుంటుంది?" అని వైన్ వడ్డించే సోమెలియేను అడగండి.