పొట్టలో పేరుకునే జిగురు క్యాన్సర్: ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు కుటుంబం చేయవలసిన పనులు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో స్కానింగ్ సెంటర్ నుంచి తెచ్చుకున్న రిపోర్టులో ‘స్యూడోమిక్సోమా పెరిటోనై’ అన్న మాట కనిపిస్తే, ముందుగా తెలుసుకోవలసింది ఇది తొందరపడి ఆపరేషన్ చేయించే జబ్బు కాదని. ఏటా పది లక్షల మందిలో ఏ కొద్దిమందికో వచ్చే వ్యాధి కనుక, అనుభవం ఉన్న కొందరు డాక్టర్లు కూడా దీన్ని ఒక్కసారైనా చూసి ఉండకపోవచ్చు.

చాలామందిలో ఇది అపెండిక్స్‌లో జిగురును స్రవించే చిన్న కణితిగా మొదలవుతుంది. అది పగిలినప్పుడు కణాలు పొట్టలోకి జారి, అవయవాలను కప్పి ఉండే పెరిటోనియం అనే పలుచని పొరకు అంటుకుని, అక్కడ కూడా జిగురును తయారు చేస్తూనే ఉంటాయి. చిన్నపేగు ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి దాని మీద అవి చాలాకాలం నిలవలేవు. కాలేయం పైభాగాన, కటి లోతుల్లో, పేగుల మీద వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొరలో పేరుకుంటాయి. రక్తం ద్వారా దూరపు అవయవాలకు పాకడం అరుదు. జబ్బు పొట్ట దాటి పోకపోవడమే దీని చికిత్సకు ఆధారం.

నొప్పి లేకుండా పొట్ట పెరగడం వల్ల ఆడవారిలో అండాశయపు క్యాన్సర్ అనీ, మగవారిలో హెర్నియా అనీ మొదట అనుకోవడం తరచుగా జరుగుతుంది. మా పెద్దమ్మకు ఒక ఆస్పత్రిలో పొట్టలో నీరు చేరిందని చెప్పి సూది గుచ్చితే, సిరంజిలోకి చల్లారిన సగ్గుబియ్యం జావలాంటి పదార్థం అంగుళం మేర వచ్చి ఆగిపోయింది. అయినా మరో రెండుసార్లు గుచ్చారు. చిక్కటి జిగురు సూదికి రాదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మొదట చేయవలసిన పని బయాప్సీ (పరీక్ష కోసం తీసిన చిన్న ముక్క) స్లైడ్లనూ, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులనూ ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవడం. వేరే ఊరి పెద్ద డాక్టరు కాగితం మీది రిపోర్టుతో సరిపెట్టుకోకుండా తమ పెథాలజిస్టుతో వాటిని మళ్లీ చూపిస్తారు, ఎందుకంటే అది తక్కువ గ్రేడా (నెమ్మదిగా పెరిగేదా), ఎక్కువ గ్రేడా (వేగంగా పెరిగేదా) అన్నదాని మీదే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. తక్కువ గ్రేడులో సెలైన్ ద్వారా ఎక్కించే కీమో పెద్దగా పనిచేయదు. సీటీ స్కాన్ ఫిల్ములతో పాటు సీడీ కూడా అడగండి. క్యాన్సర్ సూచికలను కొలిచే సీఈఏ, సీఏ 125, సీఏ 19-9 రక్తపరీక్షల కాగితాలు తేదీల వరుసలో పెట్టుకోండి.

అసలు చికిత్సను అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. కంటికి కనిపించే జబ్బునంతా, అవసరమైతే పొరతో పాటు ప్లీహం, అండాశయాలు, పెద్దపేగులో కొంత భాగం సహా తొలగించి, ఆ తర్వాత 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడిలో మైటోమైసిన్ వంటి మందును గంట, గంటన్నర పాటు పొట్టలోనే తిప్పుతారు. దీన్నే హైపెక్ అంటారు. మొత్తం ఎనిమిది, పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పొట్టను 13 భాగాలుగా విభజించి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, 39కి లెక్కించే పీసీఐ అనే స్కోరు జబ్బు ఎంత విస్తరించిందో చెబుతుంది. అయితే మిగిలిపోయిన గడ్డలు 2.5 మిల్లీమీటర్ల లోపు ఉండేలా తీయగలిగారా అన్నదే అంతకంటే ముఖ్యం. 16 కేంద్రాలలో ఈ చికిత్స పొందిన 2298 మంది వివరాలతో 2012లో వెలువడిన అధ్యయనంలో పదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు 63 శాతం, చికిత్స కారణంగా మరణించినవారు 2 శాతం, తీవ్రమైన ఇబ్బందులు ఎదుర్కొన్నవారు 24 శాతం.

అందువల్ల సర్జన్‌ను సూటిగా అడగండి: ‘అయ్యా, మీరు ఇలాంటి ఆపరేషన్లు ఇప్పటివరకు ఎన్ని చేశారు? హైపెక్ యంత్రం ఇక్కడే ఉందా? పూర్తిగా తీయగలమని స్కాన్ చూస్తే మీకు అనిపిస్తోందా?’ ఇలా అడగడం అమర్యాద కాదు. సగంలో వదిలేసిన మొదటి ఆపరేషన్ తర్వాత కణాలు మచ్చల్లో ఇరుక్కుపోయి రెండోదాన్ని కష్టం చేస్తాయి. హైదరాబాదుకో, ముంబయి టాటా మెమోరియల్‌కో వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోవడానికి పట్టే కొద్ది రోజులు, నెమ్మదిగా పెరిగే తక్కువ గ్రేడు జబ్బులో సాధారణంగా నష్టం చేయవు. పేగు మూసుకుపోయి వాంతులు అవుతుంటే మాత్రం ఆగకూడదు.

ఖర్చు విషయం ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఈ ఆపరేషన్‌కు, హైపెక్‌కు విడివిడిగా ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకోండి.

ప్లీహం తీసే అవకాశం ఉంటే న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలు వీలైతే రెండు వారాల ముందే వేయించాలి. స్టోమా సంచి (మలం బయటికి వచ్చేలా పొట్ట మీద అమర్చే సంచి) పెట్టవలసి రావచ్చునని రోగికి ముందే చెప్పండి. మత్తు దిగిన తర్వాత పొట్ట మీద సంచిని చూసి తెలుసుకోవడం చాలా బాధాకరం. ఇంటికి వచ్చాక కూడా సీటీ, సీఈఏ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం ఏళ్ల తరబడి కొనసాగించాలి, వీలైనంతవరకు రక్తపరీక్ష ఒకే ల్యాబులో చేయించాలి.