అంబాసిడర్ వేడెక్కుతుంటే రేడియేటర్ విప్పే ముందు

పాత అంబాసిడర్ వేడెక్కుతోందనగానే రేడియేటర్ విప్పి షాపుకు పంపేస్తారు. నా దగ్గర ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజన్ మార్క్ 3. ఎవరైనా సలహా అడిగితే నేను ముందు వేసే ప్రశ్న ఒక్కటే: టెంపరేచర్ ముల్లు ఎప్పుడు పైకి వెళుతోంది?

విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాన్ బెల్టు చూడండి. పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా వదులైతే ఫ్యానుతో పాటు వాటర్ పంపు కూడా నెమ్మదిస్తుంది. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులను, దుమ్మును ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొట్టి బయటికి తోయండి.

హైవే మీద వేగం పెరిగేకొద్దీ వేడెక్కుతుంటే నీళ్లు సరిగా తిరగడం లేదు. రేడియేటర్ కింది హోస్ పైపు మెత్తబడితే పంపు లాగే ఊపుకు అణిగిపోతుంది. బానెట్ ఎత్తి, ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని మీరు ఆ పైపును గమనించండి.

అసలు సమస్య ఎక్కువగా సిలిండర్లుండే ఇంజన్ బ్లాకులోనే ఉంటుంది. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల సున్నం, ఇనుప తుప్పు కలిసి వెనక సిలిండర్ల చుట్టూ పేరుకుంటాయి. రేడియేటర్ కొత్తదేసినా ఆ బురద మళ్లీ అందులోకే వస్తుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్లాకు పక్కన వెనకవైపున్న డ్రెయిన్ ట్యాప్ విప్పండి. నీళ్లు రాకపోతే గట్టి తీగతో పొడవండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్లోకి వదిలే వాల్వు) తీసి పైనుంచి గొట్టంతో నీళ్లు వదిలి, తేటగా వచ్చేదాకా కడగండి. ఈ పనికి ఒక పూట పట్టినా విసుక్కోకండి, దీనికి మించిన మందు లేదు.

థర్మోస్టాట్‌ను మళ్లీ బిగించండి. ఎండాకాలం కదా అని దాన్ని పారేయమనే సలహా నాకు అస్సలు నచ్చదు. చల్లటి ఇంజన్ త్వరగా అరుగుతుంది. వేడినీళ్ల గిన్నెలో వేస్తే అది తెరుచుకోవాలి, తెరుచుకోకపోతే మార్చండి.

ఇగ్నిషన్ టైమింగును, అంటే స్పార్కు పడే సమయాన్ని మరిచిపోవద్దు. స్పార్కు ఆలస్యమైతే పెట్రోలు మండటమూ ఆలస్యమై, ఆ వేడి నీళ్లలోకి చేరుతుంది. స్పార్కును ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటర్‌కు ఉండే వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి, పట్టు నిలవకపోతే లోపలి పొర చిరిగినట్టే.

తిరిగి నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి నెమ్మదిగా పోయండి. మూత తీసే ఉంచి ఇంజన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత బిగించండి. ఇంత చేశాక కూడా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (బ్లాకుకు, పైనుండే సిలిండర్ హెడ్‌కు మధ్య పొర) పోయినట్టు అనుమానించాలి. హెడ్ విప్పి, వంకర తిరిగిందేమో చూపించాకే కొత్త గాస్కెట్ వేయించండి.